విసురుగాలి అడ్డంగా కొడుతుంటే చిన్న విమానాన్ని దించడం ఎలా? బెంగళూరు గాలుల్లో నేర్చుకునేవారికి అంచెలంచెల మార్గదర్శి

ఆషాఢం వచ్చిందంటే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. "అన్నా, గాలి పన్నెండు నాట్సే కదా, మా సార్ నా సోలో ఎందుకు ఆపేశారు?" అని కడప కుర్రాడు ఒకడు అడుగుతాడు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్ల వేగం, సోలో అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం). "నిన్న చక్రాలు బాగానే తాకాయి సార్, తర్వాతే విమానం పక్కకు లాగేసింది, ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు" అంటారు ఇంకొకరు. ఆయన మారతహళ్లిలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో బెంగళూరులోని జక్కూర్ విమానాశ్రయానికి వచ్చి నేర్చుకుంటున్నారు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొత్తం ఒక వరుసలో రాస్తున్నాను.

ఇందులో అంకెలన్నీ సెస్నా 172 ఎస్‌కు సంబంధించినవి, చాలామంది నేర్చుకునేది దాని మీదే. మీరు నడిపేది వేరే రకమైతే అంకెలు దాని హ్యాండ్‌బుక్‌లోంచి తీసుకోండి. ఇది చదివి ఒంటరిగా ప్రయత్నించకండి. మొదటిసారి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండాల్సిందే.

1. ముందు గాలిని చదవండి

బెంగళూరు చుట్టుపక్కల రన్‌వేలు దాదాపు అన్నీ తూర్పు పడమరలుగానే ఉన్నాయి. జక్కూర్‌ది 08/26, అంటే ఒక చివర నుంచి 80 డిగ్రీల దిక్కుకు, రెండో చివర నుంచి 260 డిగ్రీల దిక్కుకు ఉంటుంది, చివరి సున్నా రాయరు. హెచ్‌ఏఎల్‌ది 09/27. కెంపేగౌడలో ఉన్న రెండూ 09/27లే. మైసూరుది కూడా 09/27. చెన్నైలో అయితే 07/25కు తోడు 12/30 కూడా ఉంది. మనకు ఆ సదుపాయం లేదు. జక్కూర్‌లో గాలి అడ్డంగా ఉందంటే పక్క ఊరికి వెళ్లినా చాలావరకు అడ్డంగానే ఉంటుంది. అందుకే ఇక్కడ నేర్చుకునేవాళ్లు రన్‌వే మార్చుకోవడం కంటే వేళ మార్చుకోవడం అలవాటు చేసుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. పూర్తిగా పడమర నుంచి ఉంటే 26 మీద ఎదురుగాలే కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు. దక్షిణం వైపు జరిగేకొద్దీ ఎడమ నుంచి కొట్టడం మొదలవుతుంది. శీతాకాలంలో తూర్పు, ఈశాన్య గాలికి 08 వాడతాం, అప్పుడూ ఎడమ నుంచే తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లుల కాలం వేరే రకం. దూరంలో ఉరిమే మేఘం నుంచి కిందికి దిగిన చల్లగాలి, వాన ఇంకా చాలా దూరంలో ఉండగానే, మన దగ్గరికి వచ్చేస్తుంది. నిమిషాల్లో దిక్కు మారిపోతుంది. అలాంటి మేఘం కనిపిస్తుంటే లెక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. దిగిపోండి, నేల మీదే ఉంటే బయలుదేరకండి.

పగటి వేళ సంగతి కూడా చూసుకోవాలి. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి పై గాలినీ కింది గాలినీ కలిపేస్తుంది. దాంతో పైనున్న బలమైన గాలి విసురుగా కిందికి దిగుతుంది. ఉదయం ఏడింటికి విండ్‌సాక్ (గాలి దిక్కు, బలం చూపే గుడ్డ గొట్టం) కాస్త ఊగుతుంటుంది, మధ్యాహ్నం రెండింటికి కొరడాలా కొట్టుకుంటుంది. మొదటి పాఠాలు ఉదయానికే పెట్టుకోండి.

బయలుదేరే ముందు ఇవి చూడండి:

- కెంపేగౌడ విమానాశ్రయం మెటార్ (ఇప్పటి వాతావరణ నివేదిక), టాఫ్ (రాబోయే గంటల అంచనా). వరుసగా మూడు నాలుగు మెటార్‌లు చదివితే గాలి ఏ దిక్కుకు తిరుగుతోందో తెలుస్తుంది.
- మెటార్‌లో "జి" ఉందా లేదా. గాలి విసురు సగటు కంటే కనీసం 10 నాట్స్ ఎక్కువైతేనే అది రాస్తారు. "జి" లేదంటే గాలి నిలకడగా ఉందని కాదు, తేడా 10 కంటే తక్కువ అని మాత్రమే.
- మెటార్ గాలి పది నిమిషాల సగటు. దిగేటప్పుడు టవర్ చెప్పేది రెండు నిమిషాల సగటు. రెండూ వేరుగా వినిపిస్తే తికమక పడకండి, దిగడానికి టవర్ చెప్పిందే లెక్క.
- విండ్‌సాక్. మామూలుగా వాడేది 15 నాట్స్ గాలికి పూర్తిగా చాచుకుంటుంది. అంతకు మించి ఎంత వీచినా అది అలాగే కనిపిస్తుంది, కాబట్టి చాచుకుని ఉంటే "కనీసం 15" అని చదవండి.

విండ్‌సాక్‌ను ఒక్కసారి చూసి వదిలేయకండి. రెండు నిమిషాలు నిలబడి చూడండి. ఎంతసేపు చాచుకుంది, ఎంతసేపు వాలింది, తోక ఎన్ని దిక్కులు తిరిగింది అనేవి గమనించండి. చాచుకోవడం, వాలడం మధ్య తేడా పెద్దగా ఉంటే ఫైనల్‌లో, అంటే రన్‌వేకు సూటిగా దిగే చివరి దారిలో, విమానం మీ చేతిలో ఎలా ఉంటుందో అప్పుడే తెలిసిపోతుంది.

2. అడ్డగాలి ఎంతో లెక్క కట్టండి

గాలి దిక్కుకూ రన్‌వే దిక్కుకూ ఉన్న కోణం తీసుకోండి. గడియారం గుర్తుపెట్టుకుంటే చాలు:

- 15 డిగ్రీలు: గాలిలో పావు వంతు
- 30 డిగ్రీలు: సగం
- 45 డిగ్రీలు: ముప్పావు
- 60, ఆ పైన: మొత్తం

30 దాటాక ఈ లెక్క అసలు విలువ కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, అది మనకు మేలే.

ఉదాహరణకు 26 మీద దిగుతున్నాం, గాలి 230 డిగ్రీల దిక్కు నుంచి 14 నాట్స్, విసురు 24 అనుకుందాం. కోణం 30, అంటే సగం. సగటున 7 నాట్స్, విసురులో 12 నాట్స్ అడ్డగాలి. అరగంట తర్వాత గాలి 210 నుంచి 12, విసురు 22 అయింది. వినడానికి తగ్గినట్టే ఉంది. కానీ కోణం ఇప్పుడు 50, అడ్డగాలి సగటున 9, విసురులో దాదాపు 17 నాట్స్. గాలి తగ్గినా అడ్డు పెరిగింది. ఈ ఒక్క సంగతి గమనించక మోసపోయినవాళ్లు చాలామంది.

లెక్క ఎప్పుడూ విసురుతోనే వేయండి. మెటార్‌లో "200వీ260" లాగా దిక్కు ఊగుతోందని ఉంటే అందులో రన్‌వేకు అన్నింటికంటే అడ్డంగా ఉన్న దిక్కునే తీసుకోండి.

3. మీ హద్దు కాగితం మీద రాసుకోండి

172 ఎస్ హ్యాండ్‌బుక్‌లో 15 నాట్స్ అని ఉంటుంది, 152కు 12. ఇది "డెమాన్‌స్ట్రేటెడ్" అంకె. విమానాన్ని పరీక్షించినప్పుడు అంత అడ్డగాలిలో టెస్ట్ పైలట్ దింపి చూపించాడని దాని అర్థం. విమానానికి అది చట్టపరమైన గరిష్ఠ పరిమితి కాదు. అలాగని మీకు 15 దాకా హామీ అనీ కాదు. టెస్ట్ పైలట్‌కు ఉన్న చేయి, 20 గంటలు ఎగిరిన విద్యార్థికి ఉన్న చేయి ఒకటి కావు.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పే హద్దులు ఇవి. కొత్తగా సోలో చేసేవారికి విసురుతో కలిపి 5 నాట్స్ అడ్డగాలి. లైసెన్స్ వచ్చి, నెలకు రెండు మూడు సార్లయినా ఎగురుతున్నవారికి 10. సగటుకూ విసురుకూ తేడా 10 దాటితే విద్యార్థి సోలో ఉండదు, అడ్డగాలి ఎంత తక్కువైనా సరే. మీ శిక్షణ సంస్థ పెట్టిన హద్దు ఇంతకంటే తక్కువైతే దాన్నే పాటించాలి.

రెండు నెలలు ఎగరకపోతే మీ హద్దును సగానికి తగ్గించుకోండి. కాళ్లు మరిచిపోయినంత త్వరగా చేతులు మరిచిపోవు. అడ్డగాలిలో పనంతా కాళ్లదే.

4. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే

ఇక్కడ చేసే మూడు చిన్న పనులు రన్‌వే మీద విమానాన్ని కాపాడతాయి.

సీటు: రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పెడల్‌ను చివరిదాకా నొక్కి చూడండి. మోకాలు పూర్తిగా చాచాల్సి వస్తోందంటే సీటు ముందుకు జరపండి. పొట్టిగా ఉంటే నడుము వెనక కుషన్ పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. జరిపాక సీటు పిన్ను రైలు రంధ్రంలో దిగిందో లేదో వెనక్కీ ముందుకూ ఊగి చూసుకోండి.

మడమలు: రెండు మడమలూ నేల మీద, పాదం ముందుభాగం పెడల్ కింది అంచు మీద. పాదం పైకి జారితే రడ్డర్ నొక్కుతున్నానని బ్రేక్ నొక్కేస్తారు. ఒక చక్రానికి బ్రేక్ పడి ఉండగా నేల తాకితే విమానం అటే గిర్రున తిరుగుతుంది.

సామాను: వదులుగా ఉన్న ఫోన్, నీళ్ల సీసా, టాబ్లెట్ అన్నీ భద్రం చేయండి. విసురుకు ఎగిరి పెడల్స్ కింద పడ్డ సీసాతో దిగడం ఎవరికీ వద్దు.

ఇంధనం కూడా చూసుకోండి. తప్పనిసరి నిల్వ కాకుండా, మూడు సార్లు గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లడం) చేసి గంట ఆగడానికి సరిపడా ఉండాలి. ఇంధనం తక్కువుంటే "ఎలాగైనా దించేయాలి" అన్న టెన్షన్ మొదలవుతుంది.

5. డౌన్‌విండ్, బేస్: తప్పు ఇక్కడే మొదలవుతుంది

దిగడానికి రన్‌వే పక్కగా చుట్టి వచ్చే దారిని సర్క్యూట్ అంటాం. అందులో రన్‌వేకు సమాంతరంగా వెనక్కి పోయేది డౌన్‌విండ్, అక్కడి నుంచి రన్‌వే గీత వైపు తిరిగేది బేస్, ఆ తర్వాత ఫైనల్. 26కు ఎడమ సర్క్యూట్, గాలి నైరుతి నుంచి అనుకోండి. బేస్‌లో మీ ముక్కు ఉత్తరం వైపు ఉంటుంది. గాలి ఎడమ వెనక నుంచి తోస్తుంది. బేస్ చూస్తుండగానే అయిపోతుంది, ఫైనల్ గీత దాటిపోతారు.

దాటిపోయాక చాలామంది చేసే పని ప్రాణాంతకం. రెక్క మరీ వంచితే భయమేస్తుంది కాబట్టి ఎడమ రడ్డర్ తొక్కి ముక్కును రన్‌వే వైపు లాగుతారు. ముక్కు కిందికి పోతుంది, యోక్ (చేతితో పట్టే స్టీరింగ్) వెనక్కి లాగుతారు. 500 అడుగుల్లో స్టాల్ అయి (రెక్కలు మోయలేకపోయి) స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడటంలోకి) పోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. అక్కడి నుంచి బయటపడే ఎత్తు ఉండదు.

కాబట్టి:

- డౌన్‌విండ్‌లోనే గాలి మిమ్మల్ని రన్‌వే వైపు తోస్తుందని గుర్తుంచుకుని ముక్కు కాస్త బయటికి పెట్టండి, మామూలు దూరం తగ్గకుండా చూసుకోండి.
- ఫైనల్ మలుపు మామూలు కంటే ముందే మొదలుపెట్టండి.
- వంపు 30 డిగ్రీలు దాటనివ్వకండి.
- గీత దాటిపోతే సర్దుకోవాలని చూడకండి. రెక్కలు సమం చేసి పైకి వెళ్లిపోండి.

6. ఫైనల్: వేగం, ఫ్లాప్, దారి

వేగం: మామూలు అప్రోచ్ వేగానికి విసురు తేడాలో సగం కలపండి. గాలి 14, విసురు 24 అయితే తేడా 10, అందులో సగం 5. మామూలుగా 65 అయితే 70. అంతకు మించి "భద్రంగా ఉంటుందిలే" అని 80 పెట్టుకుంటే అది భద్రత కాదు. అప్రోచ్ వేగం పది శాతం పెరిగితే దిగడానికి కావలసిన దూరం దాదాపు ఇరవై శాతం పెరుగుతుంది. ఫ్లేర్‌లో, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తే దశలో, విమానం తేలుతూ పోతుంది, తేలుతున్నంతసేపూ గాలి పక్కకు నెడుతూనే ఉంటుంది.

బెంగళూరు ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోండి. మనం సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల పైన ఉన్నాం. 28 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి 5,300 అడుగుల దగ్గర ఉండేటంత పల్చగా ఉంటుంది. మీటర్‌లో 65 చూపిస్తుంటే నిజానికి గాలిలో 70తో పోతుంటారు. నేల వేగంగా జరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. అది చూసి ముక్కు పైకెత్తి వేగం తగ్గించేవాళ్లున్నారు. మీటర్‌నే నమ్మండి.

ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలక): బలమైన అడ్డగాలిలో రన్‌వే పొడవుకు సరిపోయేంత తక్కువ ఫ్లాప్ వాడమని 172 హ్యాండ్‌బుక్కే చెబుతుంది. నేను 10 లేదా 20 డిగ్రీలు వాడతాను. పూర్తి ఫ్లాప్‌తో గాలి విసురుకు విమానం ఎక్కువ ఎగిరిపడుతుంది, గో అరౌండ్ కూడా బరువుగా ఉంటుంది. తక్కువ ఫ్లాప్‌తో దిగే దూరం పెరుగుతుంది కాబట్టి ఆ లెక్క ఇంటి దగ్గరే వేసుకుని రండి.

దారి: విమానం ముక్కును గాలి వైపు తిప్పి, పీత నడిచినట్టు, రన్‌వే మధ్య గీత మీదుగానే రండి. దీన్నే క్రాబ్ అంటాం. 12 నాట్స్ అడ్డగాలికి మన వేగంలో దాదాపు 10 డిగ్రీల కోణం కావాలి. రెక్కలు సమంగా ఉంటాయి, రడ్డర్ మీద బలం ఉండదు. కొత్తవాళ్లకు ముక్కు పక్కకు ఉండగా గీత మీద ఉన్నామా లేదా అన్నది తెలియదు. అద్దంలో ముక్కు మధ్యలోంచి కాదు, మీ కళ్లకు ఎదురుగా ఉన్న చోటు నుంచి గీతను చూడండి.

విసురుకు వేగం 5 నాట్స్ పెరిగితే పవర్ మొత్తం తీసేయకండి. అది తగ్గిన మరుక్షణం వేగం పడిపోతుంది, మీ దగ్గర పవర్ ఉండదు. చేయి థ్రాటిల్ మీదే ఉంచి చిన్న చిన్నగా సర్దండి. జక్కూర్ చుట్టూ భవనాలు, చెట్లు ఉన్నాయి. వాటిని దాటి వచ్చే గాలి సుడి తిరుగుతూ వస్తుంది కాబట్టి చివరి 100 అడుగుల్లో ఒక్కసారిగా కిందికి లాగినట్టు అనిపించవచ్చు. అది వస్తుందని ముందే అనుకుని ఉంటే చేయి దానంతట అదే పవర్ ఇస్తుంది.

7. 300 అడుగుల దగ్గర పరీక్ష

క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపించే పీడనం అంకె) పెట్టుకుంటే మీ ఆల్టీమీటర్ సుమారు 3,300 చూపే చోటు ఇది. ఇక్కడ క్రాబ్ వదిలి రెక్క దించే పద్ధతిలోకి మారి చూడండి. గాలి ఎడమ నుంచి అయితే:

1. కుడి రడ్డర్‌తో ముక్కును మధ్య గీతకు సూటిగా తీసుకురండి.
2. అదే సమయంలో యోక్ ఎడమకు తిప్పి ఎడమ రెక్క కాస్త దించండి.
3. విమానం కుడికి జారుతుంటే రెక్క ఇంకాస్త దించండి. ఎడమకు పోతుంటే కాస్త ఎత్తండి.

ముక్కు ఎటు చూడాలో కాళ్లు చూసుకుంటాయి. గీత మీద ఉన్నామా లేదా అన్నది చేతులు చూసుకుంటాయి. ఈ రెండు పనులూ మనసులో విడిపోయిన రోజు అడ్డగాలి మీకు పట్టుబడినట్టే. నేర్చుకునేటప్పుడు నేను "కాలు ముక్కు, చెయ్యి గీత" అని పైకే అనుకునేవాణ్ని. ఇప్పటికీ నా విద్యార్థుల చేత అనిపిస్తాను.

కుడి రడ్డర్ చివరిదాకా తొక్కినా ముక్కు సూటిగా రాకపోతే ఆ గాలి ఈ విమానానికి ఎక్కువని అర్థం. ఇంకా దిగి చూద్దాం అనుకోకండి. 300 అడుగుల్లోనే వదిలేయండి. పరీక్ష నెగ్గితే అలాగే దిగవచ్చు, లేదా మళ్లీ క్రాబ్‌లోకి వెళ్లి ఫ్లేర్ ముందు తిరిగి రెక్క దించవచ్చు. నేర్చుకునేవాళ్లకు 200 అడుగుల నుంచి రెక్క దించే ఉండటం తేలిక, సర్దుకోవడానికి సమయం ఉంటుంది. ఈ పద్ధతిలో విమానం కాస్త వేగంగా కిందికి దిగుతుంది, కొంచెం పవర్ కలపండి. 172లో 20 డిగ్రీలకు మించిన ఫ్లాప్‌తో ఇలా ఎక్కువగా జారించడం మంచిది కాదు.

8. ఫ్లేర్, నేల తాకడం

ఫ్లేర్‌లో వేగం తగ్గేకొద్దీ రడ్డర్, ఏలెరాన్ (యోక్ తిప్పితే కదిలి రెక్కను వంచే పలక) రెండింటికీ పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిన కొద్దీ ఎక్కువ తిప్పాలి. అక్కడ చాలామంది తెలియకుండానే యోక్‌ను మధ్యకు తెచ్చేస్తారు, ఎందుకంటే నేల దగ్గర రెక్క వంచి ఉంచడం భయంగా ఉంటుంది. రెక్క సమం అవగానే విమానం పక్కకు జారుతుంది. పక్కకు జారుతూ నేల తాకితే భారం మొత్తం ల్యాండింగ్ గేర్ మీద అడ్డంగా పడుతుంది.

సరైన వరుస ఇది, గాలి ఎడమ నుంచి:

- మొదట ఎడమ చక్రం
- తర్వాత కుడి చక్రం
- చివర ముక్కు చక్రం

ఒక్క చక్రం మీద ఓ క్షణం పోవడం వింతగా అనిపిస్తుంది కానీ అదే కావాలి. మెత్తగా దించాలన్న ఆశ ఇవాళ్టికి వదులుకోండి. విసురుగాలిలో కాస్త గట్టిగా, సూటిగా దిగిన ల్యాండింగే మంచిది. కొంచెం పవర్ నేల తాకేదాకా ఉంచి, తాకాక తీసేయండి.

ముక్కు చక్రం దిగేటప్పుడు ఒక జాగ్రత్త. 172లో ముక్కు చక్రం రడ్డర్ పెడల్స్‌తోనే తిరుగుతుంది. కుడి రడ్డర్ గట్టిగా తొక్కి ఉండగా అది నేల తాకితే విమానం కుడికి లాగుతుంది. చక్రం తాకే క్షణంలో కాలు సడలించి, వెంటనే సూటిగా ఉంచడానికి ఎంత కావాలో అంతే తొక్కండి.

9. చక్రాలు తాకాక పది సెకన్లు

ఈ అంచె గురించే అందరికంటే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నా ప్రమాదం ఇక్కడే జరిగింది.

లైసెన్స్ వచ్చిన తొలి ఏడాది, జులైలో ఒక ఆదివారం. గాలి ఎడమ నుంచి, విసురులో 12 నాట్స్ అడ్డం. హ్యాండ్‌బుక్ చెప్పిన 15 లోపే ఉంది. ఎడమ చక్రం, కుడి చక్రం, ముక్కు చక్రం అన్నీ వరుసగా తాకాయి, మధ్య గీత రెండు చక్రాల మధ్యే ఉంది. గట్టెక్కాననుకుని ఊపిరి వదిలాను. ఊపిరితో పాటు యోక్ కూడా వదిలాను. అది మధ్యకు వచ్చేసింది. అప్పుడే ఒక విసురు వచ్చి ఎడమ రెక్క కిందికి దూరి ఎత్తింది. ముక్కు గాలి వైపు, అంటే ఎడమకు తిరిగింది. కుడి రెక్క అంచు నేలకు ఎంత దగ్గరికి వచ్చిందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది, దాని నీడా అదీ దాదాపు కలిసిపోయాయి. కుడి రడ్డర్ తొక్కి, యోక్ పూర్తిగా ఎడమకు తిప్పేసరికి రెక్క కిందికి వచ్చింది కానీ విమానం తారు దాటి గడ్డిలోకి దిగిపోయింది. ఇంజిన్ ఆపాక రెండు నిమిషాలు తలుపు తీయలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక టైరు మాత్రం చెడిపోయింది. తప్పు గాలిది కాదు, నాదే. నేను నడపడం ఆపేశాను, విమానం ఇంకా ఎగురుతూనే ఉంది.

నేల మీద 40 నాట్స్‌తో పోతున్న విమానానికి ఎదురుగాలి ఇంకో 15 తోడైతే రెక్కకు తగిలేది 55. అది మోయగలిగినంత బలం. వేగం పూర్తిగా తగ్గేదాకా అది బండి కాదు, విమానమే.

చేయాల్సింది:

1. మూడు చక్రాలూ తాకాక యోక్‌ను గాలి వైపు మెల్లగా తిప్పుతూ పోండి. వేగం తగ్గేకొద్దీ ఇంకా తిప్పండి. ట్యాక్సీ వేగానికి వచ్చేసరికి పూర్తిగా తిరిగి ఉండాలి. ఇలా చేస్తే గాలి తగలని వైపు ఏలెరాన్ కిందికి దిగి అటు కాస్త లాగుతుంది కాబట్టి ముక్కు గాలి వైపు తిరగడాన్నీ కొంత ఆపుతుంది.
2. చూపు రన్‌వే చివర. ముక్కు ముందు చూస్తే తిరుగుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.
3. రడ్డర్ చిన్న చిన్న తొక్కుళ్లు. ఒకే పెద్ద తొక్కుడు వద్దు.
4. చక్రాల మీద బరువు పడ్డాకే బ్రేక్, రెండూ సమంగా. రెక్క ఇంకా మోస్తుండగా బ్రేక్ వేస్తే టైరు జారి అరిగిపోతుంది.
5. ఫ్లాప్, లైట్లు, రేడియో ఏవీ ముట్టుకోవద్దు. రన్‌వే ఖాళీ చేసి ఆగాకే.

10. గో అరౌండ్: ముందే ఒప్పుకుని రండి

ఫైనల్‌లోకి తిరిగేటప్పుడు నేను "ఇది గో అరౌండే, అన్నీ కుదిరితే దిగుతాను" అనుకుంటాను. అలా అనుకుంటే పైకి వెళ్లడం ఓడిపోయినట్టు అనిపించదు. మన దగ్గర మొహమాటం ఎక్కువ. పక్కన చుట్టమో స్నేహితుడో కూర్చుంటే, కింద క్లబ్బులో నలుగురు చూస్తుంటే, "ఏమనుకుంటారో" అని దింపేస్తాం. మూడుసార్లు పైకి వెళ్లిన పైలట్‌ను చూసి తెలిసినవాళ్లెవరూ నవ్వరు.

ఇందులో ఏది జరిగినా పైకే:

- 300 అడుగుల్లో గీత మీద, వేగం మీద నిలకడ లేకపోవడం
- రడ్డర్ చివరిదాకా తొక్కినా ముక్కు సూటిగా రాకపోవడం
- ఫ్లేర్‌లో పక్కకు జారడం, రెండో ప్రయత్నంలోనూ ఆగకపోవడం
- చక్రాలు నేలకు తాకి ఎగిరి పడటం, అది చిన్నదైనా
- రన్‌వేలో మొదటి మూడో వంతులో చక్రాలు తాకకపోవడం

వరుస: థ్రాటిల్ పూర్తిగా. ఎడమకు లాగుతుంది కాబట్టి కుడి రడ్డర్ సిద్ధంగా ఉంచండి. పూర్తి ఫ్లాప్ ఉంటే 20కి తేవాలి. 60 నాట్స్ పట్టుకోండి. అడ్డంకులు దాటేదాకా ఫ్లాప్ 10, తర్వాత ఎత్తు, వేగం వచ్చాక సున్నా. ఫ్లాప్ ఒక్కసారిగా తీసేస్తే విమానం కూలబడుతుంది. జక్కూర్‌లో పడమటి చివర బళ్లారి రోడ్డు, దాని మీద ఎలివేటెడ్ హైవే ఉన్నాయి. 26 మీద సగం రన్‌వే తిన్నాక కాదు, ముందే నిర్ణయించుకోండి.

రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే మూడోసారి అదే పని వెంటనే చేయకండి. టవర్‌కు చెప్పి, అనుమతి ఉన్న చోట పక్కకు వెళ్లి తిరగండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో గాలి దిక్కు మారవచ్చు. మీ గుండె దడ కూడా తగ్గుతుంది.

11. తరచూ జరిగేవి, వాటికి మందు

*ఫ్లేర్‌లో విమానం పైకి లేచింది.* ముక్కు కిందికి తోయకండి, ముక్కు చక్రం ముందు తాకి ఎగిరెగిరి పడుతుంది, ప్రొపెల్లర్ కొట్టుకుంటుంది. ముక్కు అలాగే పట్టి కాస్త పవర్ ఇచ్చి మళ్లీ దిగండి. ఐదారు అడుగులు లేచిందంటే గో అరౌండ్.

*నేల తాకే ముందు ముక్కు ఇంకా పక్కకే ఉంది.* క్రాబ్ ఆలస్యంగా విప్పారు. తర్వాతిసారి 200 అడుగుల నుంచే రెక్క దించండి.

*క్రాబ్ త్వరగా విప్పారు, విమానం పక్కకు జారిపోయింది.* కాలుతో పాటు చెయ్యి కదలలేదు. రడ్డర్, ఏలెరాన్ ఒకేసారి.

*ముక్కు చక్రం మీదే బరువు పడి విమానం అటూ ఇటూ ఊగుతోంది.* వేగం ఎక్కువుండగా బలవంతంగా నేలకు నొక్కారు. యోక్ వెనక్కి తీసుకుని ముక్కు తేలిక చేయండి. రన్‌వే మిగలకపోయేలా ఉంటే ఆలోచించకుండా పవర్ ఇచ్చి పైకి.

12. ఎలా సాధన చేయాలి

మొదట ఎత్తులో. శిక్షణ ప్రాంతంలో గాలికి అడ్డంగా ఉన్న సూటి రోడ్డో రైలు పట్టాలో చూసుకుని, దాని మీదుగా రెక్క దించి ముక్కు సూటిగా పట్టి రెండు నిమిషాలు పోండి. తర్వాత కుడి వైపు కూడా. చాలామందికి ఒక వైపు వచ్చి రెండోది రాదు.

తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌తో, పొడవైన రన్‌వే, అనుమతి ఉన్న చోట, చక్రాలు తాకకుండా నాలుగైదు అడుగుల ఎత్తులో రెక్క దించి మధ్య గీత వెంట పోయి, పైకి వెళ్లిపోవడం. దింపాల్సిన భయం లేకపోతే కాళ్లు త్వరగా నేర్చుకుంటాయి. ఒక గంటలో నాలుగు సార్లు ఇది చేస్తే పది మామూలు ల్యాండింగ్‌లకంటే ఎక్కువ వస్తుందని నా నమ్మకం.

గాలి 5 నాట్స్ అడ్డం ఉన్న రోజులను వదులుకోకండి. అవే మంచి బడి.

13. పార్కింగ్ దాకా

ట్యాక్సీలో గాలి ముందు నుంచి వస్తుంటే యోక్ గాలి వైపు తిప్పి, ముందుకీ వెనక్కీ తటస్థంగా ఉంచండి. వెనక నుంచి వస్తుంటే గాలికి అవతలి వైపు తిప్పి యోక్ ముందుకు తోయండి. మెల్లగా నడిచినంత వేగం చాలు.

ఆపాక తలుపు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని తీయండి. విసురుకు లాగేస్తే కీళ్లు వంగిపోతాయి. చక్రాలకు దిమ్మలు పెట్టి, కంట్రోల్ లాక్ వేసి, రెక్కలు, తోక తాళ్లతో కట్టేదాకా అక్కడి నుంచి కదలకండి.

తర్వాత లాగ్‌బుక్‌లో ఒక వరుస రాసుకోండి: గాలి ఎంత, ఎటు నుంచి, మీరు లెక్కించిన అడ్డం ఎంత, నేల తాకినప్పుడు గీతకు ఎంత దూరంలో ఉన్నారు, యోక్ చివరిదాకా తిప్పి ఉంచారా. చివరి ప్రశ్నకు "లేదు" అని రాయాల్సి వస్తే వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటల స్లాట్ అడిగి, ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని, ఆ ఒక్క పని కోసమే ఐదు సర్క్యూట్‌లు చేయండి.